కాస్త గట్టిగా

ఇరవై మూడేళ్ళు
నా నోరు నా చేతుల్లో ఉండేది.

నెల్లిమర్ల రోడ్డులో మా నార మిల్లు.
లూమ్ ఖాతాలో నూట ఎనభై మగ్గాలు
ఒక్కసారి అందుకున్నాయంటే
కన్నతల్లి చెవిలో అరిచినా వినబడదు.
అందుకని చెయ్యి మాట్లాడేది.
రెండు వేళ్ళు పెదవికి తగిలిస్తే బీడీ,
మణికట్టు మీద గీత గీస్తే టైమెంత,
మీసం మెలేస్తే
మేస్త్రీ వస్తన్నాడు, పని చూసుకో అని.
పోగు తెగింది, నూనె అయిపోయింది,
మీ తమ్ముడికి సంబంధం కుదిరిందట కదా!
అన్నీ ఆ దుమ్ములోంచే.
ఎదర మగ్గం దాలినాయుడి పెదాలు
పేపరు చదివినట్టు చదివేవాణ్ణి.

లాకౌటు కాగితం గేటుకి అంటించిన పొద్దున్న
మగ్గాలు ఆగిపోయాయి.
అంత నిశ్శబ్దంలో
మామూలుగా మాట్లాడుకోవచ్చు.
ఒక్కడూ మాట్లాడలేదు.
దాలినాయుడు నావైపు చూసి చెయ్యెత్తాడు,
సగంలో దించేశాడు.
ఆ మాటకి మా దగ్గర సైగ లేదు.

గోగునార దొరకట్లేదని కొందరు,
ప్లాస్టిక్ సంచులొచ్చి చంపేశాయని కొందరు,
కరెంటు బిల్లని యాజమాన్యం.
పీఎఫ్ ఆఫీసు మెట్లు ఎక్కీ దిగీ
దాలినాయుడు కిస్తీల మీద ఆటో తెచ్చుకున్నాడు.
నేను, యాభైకి రెండు తక్కువ,
విజయనగరం కోట వెనక ఓ ప్రైవేటు ఆసుపత్రిలో
టోకెన్లిచ్చే బల్ల దగ్గర చేరాను.
దరఖాస్తులో 'అనుభవం' అన్నచోట
మా అమ్మాయి పెన్ను ఆపి
ఏం రాయను నాన్నా అంది.
మగ్గం అని రాయమన్నాను.
టీమ్ వర్కు అని రాసింది.

మొదటి రోజు
"పదిహేడో నెంబరూ!" అన్నాను.
బాలింత ఉలిక్కిపడింది,
తూగుతున్న ముసలాయన కర్ర జారవిడిచాడు.
యామిని మేడం, మా అమ్మాయి కన్నా రెండేళ్ళు పెద్దదేమో,
గోడమీద బొమ్మ చూపించింది.
పెదవి మీద వేలు పెట్టుకున్న నర్సు.
"మెల్లగా అంకుల్. నవ్వుతూ.
దయచేసి కూర్చోండి, అనాలి."
అనేవాణ్ణి, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ,
దయచేసి, దయచేసి.
"ఏటలా గొణుక్కుంతన్నావు, జొరమా?"
మా ఆవిడ వంటింట్లోంచి.

మెల్లగా మాట్లాడ్డం కూడా చేతిపనే.
తడి పోగుని లాగినట్టు
గొంతుని తెగనివ్వకుండా పట్టి ఉంచాలి.
మూడు నెలలు పట్టింది నాకు.

మధ్యలో ఓసారి
గొంతు ఆపరేషనైన గజపతినగరం రైతు
పెదాలాడిస్తూ ఉన్నాడు, ఎవరికీ అర్థంకాక.
అటుగా పోతూ చెప్పాను,
ఆవుకి కుడితి పెట్టారా అంటున్నాడమ్మా అని.
ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.
ఆ సాయంత్రం టీ గ్లాసుతో వచ్చి
"నాకూ ఒకటి నేర్పండి" అంది మేడం.
మీసం మెలెయ్యడం నేర్పాను.
పెద్ద డాక్టరు మెట్లు దిగుతుంటే
ఇప్పుడు మందుల కొట్టు దాకా
అందరూ లేని మీసాలు మెలేస్తారు.

ఈ నెల ఒకటో తారీకు దాటింది. ఏడూ దాటింది.
స్కానింగు గది కుర్రాడు రావడం మానేశాడు.
మెట్లకింద గుసగుసలు
నన్ను చూసి ఆగేవి.
ఆగకముందే చదివేసేవాణ్ణి.

నిన్న యామిని మేడం నా బల్ల దగ్గరికొచ్చి
రిజిస్టరు తెరిచింది, మూసింది.
పెన్ను మూత తీసింది, పెట్టింది.
ఫ్యాను గాలికే చెదిరిపోయే గొంతుతో
"అంకుల్, పైవాళ్ళు ఏమంటున్నారంటే..."
సగం అన్న మాట
చెవికి రాకముందే పెదవి మీద చూశాను.
ఆ సగంలో తన సగమూ ఉందని
కింది పెదవి చెప్పింది.
గేటుకి కాగితం అంటించి పోలేదు,
ఎదర నిలబడింది, పాపం.

"కాస్త గట్టిగా చెప్పమ్మా" అన్నాను,
నా పాత మగ్గాల గొంతుతో.
"ఇది మెల్లగా చెప్పే మాట కాదు.
అందరికీ వినబడాలి."

పదిహేడో నెంబరు తలెత్తి చూసింది.
మందుల కొట్టు కుర్రాడు షట్టరు సగం దించి వచ్చాడు,
నర్సులు ఒకరి వెనక ఒకరు.
మేడం గొంతు సవరించుకుంది.

గోడమీద బొమ్మ మాత్రం
ఇంకా వేలు తియ్యలేదు.