కంచె లెక్క

నెలాఖరు. మనామా, సీఫ్‌లో పద్దెనిమిదో అంతస్తు.
కిటికీ కింద సముద్రాన్ని పూడ్చి పరిచిన నేల,
దాని మీద క్రేన్లు. చప్పుడు ఇంత పైకి రాదు.
ఫండు నికర విలువ తేల్చడం నా పని,
నాలుగో దశాంశం దాకా.
కొనేది నేను కాదు, అమ్మేదీ నేను కాదు,
పద్దు సరిచూసి సంతకం పెట్టేదాన్ని.

హెడ్జ్ అంటే కంచె అమ్మాయ్ అని
తెనాలి కాలేజీలో పరంధామయ్య మాస్టారు చెప్పారు.
డెబ్భై ఏళ్ళు దాటింది, అమెరికాలో
పత్రికలకు రాసుకునే ఒకాయన
లక్ష డాలర్లు పోగేసి మొదటి కంచె నాటాడట.
పెరుగుతాయనుకున్నవి కొన్నాడు,
విరుగుతాయనుకున్నవి అరువు తెచ్చి అమ్మాడు.
వాన కురిసినా కురవకపోయినా
నాలుగు గింజలు ఇంటికి రావాలని, అంతే.
లాభంలో అయిదో వంతు తనకి:
పూర్వం ఓడ సరంగులు అంతే పుచ్చుకునేవారని
సమర్థించుకున్నాడట.

ఈ మాట చెబితే
ముహరక్‌లో మా ఇంటి ఓనరు జాసిమ్ నవ్వలేదు.
వాళ్ళ ముత్తాత ముత్యాలకు మునిగేవాడు,
ముక్కుకి కొమ్ము క్లిప్పు, కాలికి రాయి.
"సరంగు వాటా సరంగుకి దక్కేది,
మునిగినవాడికి బాకీ దక్కేది,
వాడు పోతే కొడుక్కి."
అని, టీలో ఇంకో చెంచా పంచదార వేసుకున్నాడు.

కంచె ఆగలేదు. చేనుకన్నా ఎత్తు పెరిగింది.
గెలిచినా ఓడినా రెండు శాతం ముందే కోసుకుంది.
ఒకానొక బుధవారం
ఓ రాజ్యపు నాణేన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది.
బహుమతులందుకున్న పండితులు కట్టిన కంచె ఒకటి ఒరిగితే
పెద్ద పెద్ద బ్యాంకులు పరుగెత్తుకొచ్చి
గుంజలు పట్టుకు నిలబడ్డాయి,
అది తమ మీదే పడుతుందని.

మా జాబితాలో మూడో వరస:
ఇక్కడి ఓ కట్టుబడి కంపెనీ. పేరు చెప్పకూడదు.
దాని పుస్తకాల్లో నలభై బస్సుల కూలీలు.
మా కుర్రాడు తెల్లారి నాలుగున్నరకి
లేబర్ క్యాంపు గేటు ఎదురుగా కారాపుకుని
వారం రోజులు లెక్కపెట్టాడు:
పదకొండు.
ఆ సాయంత్రమే అరువు తెచ్చి అమ్మారు.

పదకొండిట్లో ఒకదాంట్లో పోశెట్టి ఉన్నాడు.
కిటికీకి తలానించి నిద్రపోతూ
లెక్కలోకి వచ్చాడు.

వాళ్ళావిడ బుచ్చవ్వ రోజూ తొమ్మిదింటికి
బకెట్టు తోసుకుంటూ మా అంతస్తుకి వస్తుంది.
"అక్కా, మా ఆయన కంపెనీ ఎట్లున్నదో
గా కంప్యూటర్ల జెర సూసి చెప్పరాదు?
మూడు నెలలాయె జీతమియ్యక."
తెర మీద ఆ వరసే వెలుగుతోంది.
నేను కిటికీ దించేశాను, తెర మీద కిటికీని.
తెలీదు బుచ్చవ్వా అన్నాను.
ఆమె నా కాళ్ళెత్తమంది, ఎత్తాను,
కింద తుడిచి వెళ్ళింది.

తప్పు మాది కాదు, నిజంగానే కాదు.
జీతాలు మింగింది యజమానులు,
దొంగలెక్క రాసింది వాళ్ళు,
మేము చూశాం, అంతే, అందరికన్నా ముందు.
కంచే చేను మేస్తే అంటారు గానీ
ఇక్కడ కంచె గడ్డిపరక కూడా ముట్టలేదు.
చేను ఎప్పుడో ఖాళీ.
ఆ ఖాళీని అమ్ముకున్నాం, మంచి ధరకి.

ఈ నెల ఆరు పాయింటు రెండు ఒకటి మూడు ఏడు శాతం.
ఏడుని రెండుసార్లు సరిచూశాను.
సంతకం పెట్టబోతుంటే
బుచ్చవ్వ గుడ్డ పిండుతూ, ఎవరితోనో అన్నట్టు:
"ఇయ్యాల బస్సులు ఏడే అచ్చినయట."

అయ్యో అనాలనుకున్నాను.
అంతలో నా చెయ్యి, నన్నడక్కుండా,
పక్కనున్న పసుపుపచ్చ కాగితం మీద
ఏడు అని రాసి
కింద గీత గీసింది.