హాజరు: ఆరుగురు

పదహారేళ్లుగా పెద్దల సభకు మినిట్స్ రాసేది నేనే.
హాజరు: ఆరుగురు. వాన. ప్రార్థనతో ఆరంభం.
మధ్యలో ఎప్పుడూ ఒక వాక్యం:
"లుపాస్వే సంఘం నుంచి ఉత్తరం. చదివి వినిపించడమైనది."

వాళ్ల ఉత్తరాల్లో మొక్కజొన్న ఉండేది,
ఎవరికి బాప్తిస్మమో, ఎవరిని ఏ కొండ పక్కన పాతిపెట్టారో.
మా ఉత్తరాల్లో చలి ఉండేది.
చలి గురించి ఎంత రాసినా అబద్ధం కాదు గదా.

మేం పంపిన నీళ్ల పంపు ఎలా ఉందని ప్రతిసారీ అడిగేవాళ్లం.
"దేవుని కృప" అని జవాబు.
నీళ్లొస్తున్నాయని ఎక్కడా లేదు.
మేం గమనించలేదు.

మొన్న మే నెలలో ఈనా బుకన్, నేనూ మలావీ వెళ్లాం.
పంపుకి కొత్తగా నీలం రంగు వేశారు,
చేతికి అంటుకుంది.
పదిసార్లు కొట్టాను, ఇరవైసార్లు కొట్టాను,
పొడి దగ్గు తప్ప ఏం రాలేదు.
పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.
"వాషరు పోయి మూడేళ్లు," అన్నాడు వాళ్ల క్లర్కు మ్సిస్కా,
"మీరు నొచ్చుకుంటారని..."

ఆ రాత్రి లాంతరు దగ్గర ఆయన మినిట్స్ పుస్తకం తెరిచాడు.
నాదీ అదే సైజు. ఎర్ర మార్జిను కూడా.
టుంబుకా నాకు రాదు.
మా ఊరి పేరు మాత్రం గుర్తుపట్టాను,
రెండు అక్షరాలు తప్పు, ప్రతి పేజీలో అవే రెండు.

అప్పుడు చెప్పాను,
మా చర్చి అమ్మకానికి బోర్డు పాతి ఏడాదయిందని,
ఎవరో టేపు పట్టుకొచ్చి
ప్రసంగ వేదిక ఉన్నచోట వంటగది బాగుంటుందన్నారని,
మేం పంతొమ్మిది మందిమేనని,
మీకు పంపే ఫోటోల కోసం
అందరం ముందు మూడు వరసల్లోకి జరిగి కూర్చుంటామని.
ఎందుకు దాచారని ఆయన అడగలేదు.
నీలం వదలని నా వేళ్లకేసి చూశాడు.
తర్వాత ఇద్దరం నవ్వాం,
ఈనా నిద్రలేచి వచ్చి కసిరేదాకా.

సెప్టెంబరులో కవరొచ్చింది.
"లుపాస్వే పెద్దలు తీర్మానించినది ఏమనగా,
గుడి పోగొట్టుకుంటున్న సోదరుల కొరకు ఒక ఆదివారపు కానుక.
మేము పదకొండేళ్లు చెట్టు కింద ఆరాధించితిమి.
కుర్చీలు తెచ్చుకొనుడి. వానొస్తే కీర్తన ఆపకుడి."
మార్చితే నలభై మూడు పౌన్లు.

ట్రెజరరు ఆంగస్ కళ్లద్దాలు తుడిచాడు, మళ్లీ తుడిచాడు,
ఏ పద్దు కింద రాయాలన్నాడు.
ఇన్నేళ్లూ ఆ పేరు ఖర్చుల వైపే రాశాడు పాపం,
జమ వైపుకి కలం తిప్పడానికి
చాలాసేపు పట్టింది.

ఇప్పుడు జాలర్ల హాలులో కూడుకుంటున్నాం. చేపల వాసన.
తోలు వాషరు ఒకటి ఉత్తరంలో మడిచి పంపాం.
అందిందో లేదో ఇంకా తెలీదు.
హాజరు: ఆరుగురు. వాన.