చెవిబిళ్ళ లేనిది

కలిగిరి బ్యాంకాయన వచ్చి
మందనంతా లెక్కేశాడు.
నలభై మూడు గొర్రెలు, చెవికో పసుప్పచ్చ బిళ్ళ,
తలకింతని బీమా.
బుడిగి కూడా వచ్చి వరసలో కూర్చుంది.
"కుక్కకి గడి లేదబ్బయ్యా" అన్నాడు, నవ్వకుండా.

మొన్న అడివిపంది దాని డొక్క చీల్చింది.
మోపెడ్ మీద, చెంచమ్మ ఒళ్ళో, కావలి దాకా.
కుట్లకీ సూదులకీ ఏడువేల మూడొందలు.
కొమ్ములు తిరిగిన పొట్టేలొకటి పోయింది.
"ఆ దుడ్లకి పది కుక్కలొస్తయ్"
వచ్చే దారంతా సణుగుతానే ఉంది చెంచమ్మ.

నడిరేయి మెలకువొచ్చి చూస్తే
దొడ్డి కాడ సెల్లు లైటేసుకుని
బుడిగి ఊపిరి లెక్కపెడతా ఉంది.

నేను లేవలేదు.
పోయినేడు దాని కూనని
రొయ్యలగుంటలాయనకి మున్నూటికి అమ్మింది నేనే.
బేరమాడకుండా ఇచ్చాడని
సంబరపడ్డాను కూడా.