చేపలు చల్లారిపోతున్నాయ్

శనివారం సాయంత్రం ఐదూ ఇరవై.
గ్రిమ్స్‌బీ రేవంతా కాడ్ చేపల వాసన,
మా ముందుగదిలో మాత్రం అంతరిక్షం.

నలుపు తెలుపు పెట్టెలో
తొమ్మిదో దీపస్తంభం వెలిగేది.
దాని గోడలు కోడిగుడ్ల అట్టలని నాకు తెలుసు.
కాపరి ఓర్సా చేతిలో తుపాకీ
మా పిన్ని జుట్టు ఆరబెట్టుకునే యంత్రమే,
వెండిరంగు పూసుకొచ్చింది.
ఉల్కలు ఆమె నెత్తిన పడి
బంతుల్లా ఎగిరి పక్కకి దొర్లేవి.
మా తమ్ముడు క్లైవ్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు.
నేను నవ్వలేదు.
మా నాన్న ఐస్‌లాండ్ వైపు వేటకెళ్ళిన చలికాలం అది.
ఎక్కడో ఒకరు దీపం పక్కన మేలుకుని ఉన్నారంటే
నాకది నవ్వులాట కాదు.

నాన్న తిరిగొచ్చాడు.
ఓర్సా రాలేదు.
పదమూడు వారాలతో సరిపెట్టేశారు.
ఆఖరి భాగం ఒక్కసారి వేసి
ఆ టేపు తుడిచి
గుర్రప్పందేలు ఎక్కించారని చాలా ఏళ్ళకి తెలిసింది.

కానీ ఆ సాయంత్రం
స్టూలెక్కి, టీవీ నోటి దగ్గర
క్యాసెట్ రికార్డర్ పట్టుకుని నిలబడ్డాను.
చేతులు తిమ్మిరెక్కినా దించలేదు.
చివరి నౌకకి దారి చూపించి
ఓర్సా ఇటు తిరిగి
"ఇక నేను" అని ఆగింది.
ఆ తర్వాత అన్న ఒక్క మాట మీద
మా అమ్మ గొంతు, వంటింట్లోంచి, పెనం చప్పుడుతో సహా:
"హేజెల్! చేపలు చల్లారిపోతున్నాయ్!"

మూడ్రోజులు అమ్మతో మాట్లాడలేదు.

వుల్వర్‌హాంప్టన్‌లో బస్సు కండక్టర్ డెస్మండ్‌కి
ఒక కాపీ పోస్టులో పంపాను.
అతను న్యూకాసిల్‌లో పళ్ళ సెట్లు కట్టేవాడికి,
అతను ఇంకెవరికో.
కాపీకి కాపీ, దానికి కాపీ.
బుస్సుమనే హోరు పెరిగి పెరిగి
చివరికి శూన్యం చేసే చప్పుడు అదేనేమో అనిపించేది.
ఇక నేను వస్తాను అందా,
ఇక నేను చాలు అందా,
పెళ్ళాలతో కూడా అంతలా పోట్లాడి ఉండరు మావాళ్ళు.

మొన్న నవంబరులో లీడ్స్.
పాత బింగో హాలు.
పదమూడో భాగం సంగీతం మొత్తం
నలుగురు కుర్రాళ్ళు, ఒక ఇమోజెన్,
ఎదురుగా నిలబడి వాయిస్తారంటే వెళ్ళాను.
అరవై ఒకటి నాకు, కుడి మోకాలు ఇనుముది,
అయినా ఇనుప కంచెకి ఆనుకునే నిలబడ్డాను.
చెవుల్లో దూది పెట్టుకోలేదు.
బేస్ గిటార్ పక్కటెముకల్లో నడిచింది.
ఇమోజెన్ తాకకుండానే గాలిని గిల్లితే
థెరమిన్ పసిపిల్లలా రాగం తీసింది.
చీకట్లో వందల జుట్టు యంత్రాలు,
వెండిరంగువి, ఒక్కసారి పైకి లేచాయి.

తర్వాత అన్నీ ఆగాయి.
డ్రమ్ముల వాడి కర్రలు గాల్లో ఉన్నాయి.
స్పీకర్లలో ఓర్సా: "ఇక నేను"

నాలుగు వందల గొంతులు,
గడ్డాలవాళ్ళు, పచ్చబొట్లవాళ్ళు, ఆకుపచ్చ జుట్టు పిల్ల,
గ్రిమ్స్‌బీ మొహం చూడనివాళ్ళు,
అమ్మ యాస ఒక్క అక్షరం పోనివ్వకుండా:
"హేజెల్! చేపలు చల్లారిపోతున్నాయ్!"

అమ్మ పోయి తొమ్మిదేళ్ళు.
హేజెల్ ఎవరో అక్కడెవరికీ తెలీదు.
"వస్తున్నా" అన్నాను, గట్టిగానే.
డ్రమ్ము మింగేసింది.

బయట వాన. చేపలూ చిప్సూ అమ్మే కొట్టు ముందు వరసలో
ఆకుపచ్చ జుట్టు పిల్లకి ఎందుకో చెప్పేశాను.
ఆమె నా చెయ్యి పట్టుకుని ఊపేసింది:
"అయితే మీరు తెర ముందే ఉన్నారుగా!
పెదాలు చూసే ఉంటారు! ఏమంది?"

ఏం చెప్పను.
పిలుపు వినగానే
నేను వంటింటి వైపు తిరిగాను.