పాలతొట్టి

నేను పాలతొట్లు అతికేవాణ్ణి.
తారనాకి నుంచి వైకాటో దాకా
ఏ డెయిరీలో మూత ఎత్తినా
లోపలి అతుకు మీద నా చెయ్యి కనబడుతుంది.
వైను సంగతి నాకేం తెలుసు?
మా నాన్న బీరు తాగేవాడు, మా ఫాదరీ నీళ్ళు.

ఎనభై ఒకటిలో వైరౌ లోయ నుంచి రోయిమాతా వచ్చింది,
కాళ్ళకి గమ్‌బూట్లు, చేతిలో నలిగిన కాగితం.
"ఈ తొట్లో పాలు విరక్కుండా ఉంటాయి కదా,
ద్రాక్షరసం ఉంటుందా?"
ఎందుకుండదూ అన్నాను.
ఆవు కడుపున పుట్టిందో తీగ కడుపున పుట్టిందో
ఉక్కు అడగదు.

వాళ్ళ తాత యూరె,
పదిహేనో ఏట దాల్మేషియాలో ఓడెక్కి
ఉత్తరాన బురదలో కౌరి బంక తవ్వి బతికినవాడు,
తొట్టిని చూసి ఉమ్మేశాడు.
"పీపా ఎరగని వైను
తల్లి ఎరగని బిడ్డ."
ఆయన పీపాలో వైను ఎలా ఉండేదో చెప్పను,
పోయినవాళ్ళని అనకూడదు.
గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళు మాత్రం
దాంతో కత్తెర తుప్పు వదిలించుకునేవాళ్ళు.

తొట్టి చుట్టూ రెండో చర్మం తొడిగాను,
నడుమ మంచునీళ్ళు పారేట్టు.
కోత రాత్రి రెండింటికి.
ట్రాక్టరు దీపాల్లో గుత్తులు చలికి బిగుసుకుని
పళ్ళు కొరుకుతున్నాయి.
పులుపు మెల్లగా ఎక్కింది,
అలిగినవాడు అన్నానికి వచ్చినట్టు.

మూడో వారం మూత ఎత్తితే
మొహాన కొట్టింది వాసన.
రాలిపడి పగిలిన ఫీజోవా,
నలిపిన టమాటా ఆకు,
వాన వెలిశాక కోసిన పచ్చిక.
ఊరికే పీల్చి వదిలేస్తున్న గాలిని
ఎవరో పట్టి నింపేశారు.

యూరె గ్లాసు పట్టుకుని చాలాసేపు ఉన్నాడు.
"ఇది మా ఊరి వైను కాదు."
"కాదు తాతా, మన ఊరిది."

తర్వాత ఇరవై ఏళ్ళకి బిరడాల మీద పడింది రోయిమాతా.
ఆరొందల పెట్టెలు తడిసిన అట్ట కంపు కొట్టాయి మరి.
మరమూత పెడతానంది.
ముసలాయన మంచం మీంచే అరిచాడు,
టప్‌మన్న చప్పుడు లేనిది
పెళ్ళేమిటి, చావేమిటి అని.
ఆ ఏడే పోయాడు.

పాతిపెట్టి వచ్చిన సాయంత్రం
మరమూత తిప్పింది రోయిమాతా. కిర్రుమంది, అంతే.
ఎవరూ గ్లాసు ఎత్తలేదు.
అప్పుడు ఆయన ముసలి చెల్లెలు మాండా
బుగ్గలోకి వేలు దోపి
టప్‌మనిపించింది.

తాగాం.
చల్లగా ఉంది.
నా అతుకు రుచి ఎక్కడా తగల్లేదు.