గండికోట పద్దు

క్యాలెండర్ చించిన కాగితాల వెనక
రాసుకుంటా వచ్చినా పదకొండు నెలలు.

బియ్యం కడిగిన నీళ్లు కరేపాకు చెట్టుకు.
అరిగిన సబ్బుబిళ్ల కొత్తదాని వీపుకు.
టమోటాలు కేజీ ఐదుకు దిగిన వారం
మిద్దె నిండా ఒరుగులే,
వానాకాలమంతా అదే పులుసు.
నెలకు రెండాదివారాలే చికెను.
కోళ్లకు రోగమంట అన్నా.
నమ్మినాడు ఓబులేసు,
లేదా నమ్మినట్టు వంకాయ తిన్నాడు.

హార్లిక్స్ సీసాలో పదకొండొందల నలభై.

ప్రొద్దుటూరులో తొలి బస్సు.
నాకూ పాపకూ సున్నా టికెట్టు,
ఆయప్పకొక్కడికే ఖర్చు.
జమ్మలమడుగులో ఆటో బేరం,
రెండుసార్లు దిగి, మూడోసారి ఎక్కినాం.
సంచిలో చిత్రాన్నం, శనక్కాయల పొడి,
పాత కూల్‌డ్రింకు బాటిళ్లలో ఇంటి నీళ్లు.
హోటలు బోర్డు కాడ పాప నడక నెమ్మదైంది.
నాది గట్టిపడింది.

లోయ అంచున నిలబడితే
అంత లోతున పెన్న, పచ్చగా, సప్పుడు లేకుండా.
ఈ బండలన్నీ తోలడానికి
ఎన్ని ట్రాక్టర్ల బాడుగో అని
లెక్కేస్తా ఉన్నా నాకు తెలీకుండానే.
నాకే నవ్వొచ్చింది.

తిరిగి చూస్తే
చౌడేశ్వరి చేతిలో ఐసు,
మోచేతి దాకా ఎర్రగా కారతా.
"ఎంత?"
"పదే" అన్న్యాడు, లోయ దిక్కు చూస్తా.
బండి మీద ముప్పై అని
వచ్చేటప్పుడే చదివినా నేను.

రాత్రి అందరూ పండుకున్నాక
కాగితం తిప్పి రాసినా:
ఐసు, పది.

కూడితే ఇరవై తేడా వచ్చింది.
ఎతకలేదు.