మొక్కపోయిన మాట

అరండల్‌పేటలో మేడమీది గది.
ఫ్యాను తిరిగితే సుద్దపొడి, ఆగితే ఎండుమిరప ఘాటు.
నతానియేలు అయ్యగారు బోర్డు మీద
ఒక మాట రాసి కింద గీత గీశారు:
కోఫోస్.

"మూగ అనొచ్చు. చెవిటి అనొచ్చు.
ఏదనాలో పక్కమాటల్ని అడగాలి.
మొదట్లో దీనికి నోటితోనూ చెవితోనూ పని లేదు.
మొక్కపోయింది, పదును చచ్చింది, అంతే.
మొన మొద్దుబారిన బాణాన్ని పాత గ్రీకులో ఇలాగే అన్నారు,
విరగకుండా, చప్పుడు లేకుండా ఉబ్బే అలనీ ఇలాగే."

నేను నోట్సులో కత్తి బొమ్మ వేసుకున్నాను.

మా బర్నబా పెదనాన్న సైకిలుకి
స్టాండు వేసి తొక్కితే
హ్యాండిలు దగ్గర సానరాయి తిరుగుతుంది.
కొత్తపేట ఆసుపత్రుల వెనక సందుల్లో,
పట్నం బజారు మాంసం కొట్ల ముందు,
కేక వెయ్యలేడు గనక బెల్లు కొడతాడు:
రెండు పొడుగు, ఒకటి పొట్టి.
వంటింట్లో కత్తిపీటలు ఆ బెల్లుకి లేచొస్తాయి.

పుట్టుకతో మాట లేదు.
చెవులు మాత్రం పాము చెవులు.
పక్కింటి కుక్కరు మూడో విజిలు
మా అమ్మకంటే ముందు ఆయన లెక్కపెడతాడు.

అయినా మా చీరాల అత్త
పదిరూపాయల నోటు ఆయన ముక్కు ముందు ఊపి
"చా... లా...?" అని పెదాలు సాగదీస్తుంది.
సంఘపెద్ద రెండు చేతులూ చెంపకింద పెట్టి
ప్రసంగంలో నిద్రపోయావా అని అభినయిస్తాడు.
పెళ్లెందుకు కాలేదో
ఆయన పక్కనే కూర్చుని మాట్లాడుకుంటారు.
ఈగల్లా చుట్టూ మూగుతారు.
మూగ అన్నమాట అసలు ఎవరిదో
నాకు అప్పుడప్పుడు తికమక.

"ఆలయంలో ధూపం వేస్తూ దూతను నమ్మక
మాట పోగొట్టుకున్న ముసలి యాజకుడున్నాడే,"
అయ్యగారు కళ్లజోడు తీశారు,
"బిడ్డకు ఏం పేరు పెడదామని
చుట్టాలు అతనికి సైగలెందుకు చేశారు?
పోయింది నోరే కదా?"

ముందు బెంచీ సుశీలరాజు లేచాడు.
"చెవులు కూడా పోయుంటాయండీ.
ఆ మాటలోనే రెండూ ఉన్నాయి గదా."
అయ్యగారు తలూపారు.
పండితులు చాలామంది అదే అంటారట.

నేను లేవలేదు.
లేస్తే చెప్పేదాన్ని:
చెవులు పోనక్కర్లేదండీ.
చుట్టాలండీ వాళ్లు.
నోరు లేదంటే చెవి కూడా వాళ్లే తీసేస్తారు.
పలక తెమ్మని ఆయన పేరు రాసేదాకా
వింటున్నాడని ఎవరికీ తోచి ఉండదు.
అన్ని నెలలు
ఆ ఇంట్లో ఎవరేమన్నదీ
అక్షరం పొల్లుపోకుండా ఆయన దగ్గరే ఉండి ఉంటుంది.

సాయంత్రం మూడు వంతెనల దగ్గర
పెదనాన్నను పట్టుకుని
చేతులు ఊపకుండా, గొంతు పెంచకుండా
అంతా చెప్పాను, గ్రీకు మాటతో సహా.
రాయి తిరుగుతూనే ఉంది.
మొక్కపోవడం అన్నచోట కాలు ఆపాడు.
చేతిలోని కత్తిని బొటనగోటి మీద ఆనించి చూశాడు.
జారింది. ఇంకా పట్టాలి.

నా నోట్సు లాక్కున్నాడు.
పదును నేను తప్పు వైపు వేశాను.
చెవి మీది పెన్సిలు తీసి
దాన్ని కొట్టేసి, ఇటువైపు గీశాడు.
నవ్వలేదు. నోట్సు తిరిగిచ్చి తొక్కాడు.
రవ్వలు నా చెప్పుల దాకా వచ్చాయి.

ఎవరో ఆవిడ కత్తెర చూపిస్తూ
గాలిలో వేళ్లతో కత్తిరిస్తోంది,
ఇది, ఇది, అని.